రెండో ఏడాదిలో వెళ్ళడమా, ఆగడమా

మా అక్క కొడుకు చెన్నైలో బి.కాం. రెండో ఏడాది చదువుతున్నాడు. గూడూరు నుంచి వచ్చి, స్పోర్ట్స్ కోటాలో సీటు, హాస్టలు, మెస్సు ఉచితంగా సంపాదించుకున్న పిల్లవాడు. ఇక్కడ బాస్కెట్‌బాల్ ఆడే కుర్రాళ్ళకు ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు, ఐసీఎఫ్ (రైలు పెట్టెల కర్మాగారం) వంటి జట్లలో చోటు దొరకడం పెద్ద కల. పోయిన ఏప్రిల్‌లో అటువంటి ఒక సంస్థ వాడిని పిలిచి, రెండేళ్ళ ఒప్పందం మీద ఆడితే నెలనెలా భత్యం ఇస్తామని, డిగ్రీ కావాలంటే దూరవిద్యలో పూర్తి చేసుకోవచ్చని చెప్పింది. ఆ వారమంతా చూళైమేడులోని మా ఇంట్లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త ఆటగాళ్ళను వరుసగా ఎంచుకునే డ్రాఫ్టు గురించిన చర్చే నడిచింది, ఎందుకంటే వాడి వాదనకు ఆధారమంతా అక్కడిదే. "మావయ్యా, కూపర్ ఫ్లాగ్ డ్యూక్ యూనివర్సిటీలో ఒక్క ఏడాదే ఆడాడు, 2025లో మొదటి ఎంపిక అయ్యాడు. నేను మూడేళ్ళు ఎందుకు కూర్చోవాలి?" అన్నాడు.

అక్క ఫోనులో ఒక్క మాటే అనేది: "పట్టా చేతికి రాకుండా ఎక్కడికిరా?" ఇద్దరి మాటా నాకు సగమే నిజమనిపించింది. అందుకే ఆ విషయాన్ని కుదురుగా చదివాను.

హైస్కూలు ముగిసి నాలుగేళ్ళు గడిచేదాకా ఎన్‌బీఏలోకి రానివ్వని కాలం ఒకటి ఉండేది. దాన్ని కోర్టులో ఎదిరించినవాడు స్పెన్సర్ హేవుడ్. మిసిసిపీ పత్తి చేలలో కూలి చేసి పది మంది పిల్లలను పెంచిన తల్లి కొడుకు అతను. 1971లో అమెరికా సుప్రీం కోర్టు అతని పక్షాన నిలిచింది. తర్వాత కొన్నేళ్ళపాటు, ఇంటి ఇబ్బందులు రుజువు చేసుకున్నవారికి మాత్రమే ముందుగా వచ్చే వీలు ఉండేది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబీ బ్రయాంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచే నేరుగా వచ్చేశారు. ఆ దారి కూడా 2006 డ్రాఫ్టుతో మూసుకుపోయింది. డ్రాఫ్టు జరిగే సంవత్సరంలో 19 ఏళ్ళు నిండాలి, హైస్కూలు ముగిసి ఒక ఏడాది గడవాలి అన్నది అప్పటి నుంచి నియమం. ఒక్క ఏడాది కాలేజీ అనే అలవాటు దీని నుంచి పుట్టింది. అందువల్ల ఫ్లాగ్ చేసినది తొందరపాటు కాదు; నియమం అడిగినంత కాలం ఆగి, అడుగు వేశాడు.

నా మేనల్లుడు పట్టించుకోనిది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది, ఎంపిక వరుసలో ఎక్కడ గీత పడుతుందన్న సంగతి. మొదటి రౌండులో ఎంపికైన 30 మందికి జీతం ముందుగా నిర్ణయించిన పట్టిక ప్రకారం ఉంటుంది, మొదటి రెండేళ్ళకు హామీ ఉంటుంది, మూడో, నాలుగో ఏళ్ళు జట్టు ఇష్టం మీద ఆధారపడతాయి. రెండో రౌండులో అటువంటి హామీ ఏదీ నియమం వల్ల రాదు, బేరం వల్ల రావాలి. 2017 నుంచి ఉన్న టూ-వే ఒప్పందం చాలామందికి దక్కే మెట్టు. ఆ ఒప్పందం మీద ఉన్నవాడు ఎక్కువ కాలం ఎన్‌బీఏ కింది మెట్టు లీగ్ అయిన జి లీగ్‌లో గడుపుతూ, పెద్ద జట్టుతో 50 ఆటల వరకు ఉండగలడు; 2025-26లో దాని జీతం సుమారు 6,36,000 డాలర్లు. ముప్ఫయ్యో పేరుకూ ముప్ఫై ఒకటో పేరుకూ ఆటలో తేడా దాదాపు ఉండదు, బతుకులో మాత్రం అంత తేడా ఉంటుంది. మన దేశంలో పుట్టి ఈ డ్రాఫ్టులో ఎంపికైన మొదటివాడు పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్. 2015లో 52వ ఎంపికగా డల్లాస్ తీసుకున్నా, ఎన్‌బీఏలో ఒక్క ఆట కూడా ఆడే అవకాశం అతనికి రాలేదు.

మరి మంచి ఆటగాడు ఇంకో ఏడాది ఆగితే నష్టమేమిటి? డ్రాఫ్టులో జట్లు ఈనాటి ఆటను కొనవు, ఐదేళ్ళ తర్వాతి ఆట మీద ఆశను కొంటాయి. పంతొమ్మిదేళ్ళవాడికి బయటి నుంచి షాట్ పడకపోతే నేర్చుకుంటాడులే అంటారు, అదే లోపం ఇరవై రెండేళ్ళవాడిలో కనిపిస్తే వీడి ఆట ఇంతే అంటారు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది, కానీ డబ్బు పెట్టేవారి లెక్క అదే. జారెడ్ సల్లింజర్ 2011లోనే వెళ్ళి ఉంటే మొదటి కొద్ది పేర్లలో ఉండేవాడని అందరూ అనుకున్నారు. ఒహాయో స్టేట్‌లో మరో ఏడాది ఆగాడు, వెన్ను గురించి వైద్యుల అనుమానాలు బయటికి వచ్చాయి, 2012లో 21వ స్థానానికి జారిపోయాడు.

ఆగి గెలిచినవాడి కథ మా ఇంట్లో ఇంకా ఎక్కువసార్లు నడిచింది. ఏడడుగుల నాలుగంగుళాల జాక్ ఈడీ కెనడావాడు. 2023లో అమెరికాలోని మేటి కాలేజీ ఆటగాడిగా పేరు పొందాడు, అయినా అంత ఎత్తుగా నెమ్మదిగా ఆడేవాడికి నేటి ఎన్‌బీఏలో చోటేదని చాలామంది సందేహించారు. డ్రాఫ్టులో పేరు ఇచ్చి, గడువులోగా వెనక్కి తీసుకుని, పర్డ్యూకు తిరిగి వచ్చాడు. మరుసటి ఏడాది జట్టును జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్ళాడు, రెండోసారీ మేటి ఆటగాడయ్యాడు, 2024లో మెంఫిస్ అతన్ని 9వ ఎంపికగా తీసుకుంది. ఈ పేరు ఇచ్చి వెనక్కి తీసుకోవడమనే ఏర్పాటును నేను మనసారా మెచ్చుకుంటాను. జట్లు ఆటగాళ్ళను పరీక్షించడానికి షికాగోలో జరిగే కంబైన్ ముగిసిన పది రోజులలోగా కాలేజీ ఆటగాడు మనసు మార్చుకోవచ్చు. ఈలోగా జట్ల ముందు ఆడి, తన విలువ ఎంతో వాళ్ళ నోటి నుంచే వింటాడు. గడువు దాటితే మళ్ళీ కాలేజీ జట్టులో ఆడడం సాధారణంగా కుదరదు. చెన్నైలో మా వాడికి అటువంటి గడువు లేదు, సంతకం పెట్టిన రోజే హాస్టలు గది ఖాళీ చేయాలి.

డబ్బు కూడా ఇప్పుడు ఆగమనే వైపే లాగుతోంది. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు, రూపం వాడుకున్నందుకు సొమ్ము తీసుకోవచ్చు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన కోర్టు ఒప్పందం వల్ల ఒక్కో విశ్వవిద్యాలయం 2025-26లో సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు ఆటగాళ్ళకు నేరుగా పంచే వీలు కలిగింది. నాలుగేళ్ళు నిండకముందే డ్రాఫ్టుకు పేరు ఇచ్చినవారు 2021లో 353 మంది ఉంటే, 2025లో 106 మందే. కోవిడ్ వల్ల దక్కిన అదనపు ఏడాది 2021 సంఖ్యను పెంచిందన్నది నిజమే, అయినా రెండో రౌండు ఆశతో వెళ్ళేవాడికి కాలేజీలోనే ఎక్కువ ముట్టే రోజులు వచ్చాయి. ఎఫ్-1 వీసా మీద చదివే విదేశీ పిల్లలకు మాత్రం ఈ సొమ్ము తీసుకోవడం కష్టం. ఈడీ ఆగినప్పుడు ఆ నష్టాన్ని కూడా భరించే ఆగాడు.

అక్కకు నచ్చిన కథ టిమ్ డంకన్‌ది. డిగ్రీ పూర్తి చేస్తానని తల్లికి మాట ఇచ్చి, ఆవిడ పోయాక కూడా దాన్ని నిలుపుకుని, నాలుగేళ్ళూ వేక్ ఫారెస్ట్‌లోనే ఉండి 1997లో మొదటి ఎంపికగా వెళ్ళాడు. అక్క దీన్ని వాడికి రోజూ వినిపించేది. నేను ఆమెతో ఏకీభవించలేకపోయాను. ఏ ఏడాది వెళ్ళినా శిఖరం మీదే ఉండే ఆటగాడు ఆగడం వేరు, ఒక్క చీలమండ బెణికితే జాబితాలోంచి జారిపోయేవాడు ఆగడం వేరు.

చివరికి నేను వాడిని ఒక్కటే అడగమన్నాను: ఆ జట్టులో మొదటి ఏడాది తనకు ఎన్ని నిమిషాల ఆట దొరుకుతుందని. పందొమ్మిదేళ్ళప్పుడు బెంచీ మీద గడిచిన రెండేళ్ళు ఏ భత్యంతోనూ తిరిగి రావని నా గట్టి నమ్మకం. కాలేజీ జట్టులో వాడు దాదాపు ఆటంతా మైదానంలోనే ఉంటాడు, ఓడిపోయే ఆటల్లో ఆఖరి బంతి కూడా వాడి చేతికే వస్తుంది. నెహ్రూ స్టేడియంలో సాధన ముగిశాక వాడు ఆ జట్టు కోచ్‌ను అడిగాడు. ఆయన దాపరికం లేని మనిషి. వాడి పొజిషన్‌లో ఇద్దరు సీనియర్లు ఉన్నారని, మొదటి ఏడాది ఐదారు నిమిషాలకు మించి చెప్పలేనని, వచ్చే ఏడాది వారిలో ఒకరు తప్పుకుంటారని, అప్పుడు మళ్ళీ పిలుస్తానని అన్నాడట.

ఆ రాత్రి వాడు అక్కకు ఫోను చేసి, మూడో ఏడాదిలో చేరే సంగతి కాలేజీలో కనుక్కుంటానని చెప్పాడు. ఆవిడ డంకన్ వల్లే అనుకుంటోంది. నేను సరిదిద్దలేదు.