చెనక్కాయల కథ ఒకటి, ఇంకా అయిపోలేదు

లావుపాటి నవలలు నాతో కావు. నూరు పేజీలు దాటేసరికి ఎవరు ఎవరికి బావో మర్చిపోయి మళ్లీ వెనక్కి తిప్పుతా. నాకు కథలు కావాలి, అదీ బస్సులో అయిపోయేవి. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు తిరిగే దారి, కాబట్టి చంద్రగిరి దాటాక మొదలుపెట్టింది పూతలపట్టు లోపల అయిపోవాలి, ఆ తర్వాత కిటికీలోంచి మామిడి తోటలు చూసుకుంటూ దాన్నే నెమరేసుకోవాలి.

అట్లా ఎక్కువసార్లు చదివింది మధురాంతకం రాజారాం గారిని. మన చిత్తూరు జిల్లా మనిషి, బడిపంతులు. 1993లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది కూడా కథల పుస్తకానికే. గొంతు పెంచరు ఆయన. మా యాసలోనే కథలు రాసిన నామిని ‘మిట్టూరోడి కథలు’ చదివినప్పుడు మాత్రం సంతోషం కన్నా ముందు కుళ్లు పుట్టింది. మా ఇంట్లో పొద్దున లేస్తే వినపడే మాటే కదా, నా చేతికి ఎందుకు రాలేదు?

ఎందుకు రాలేదో రాయడానికి కూర్చుంటే తెలిసింది. విత్తనాల కోసం అవ్వ కాయలు ఒలవడం మీద కథ మొదలుపెట్టా. ‘ఆమె వేరుశనగ కాయలు ఒలుస్తూ కూర్చుంది’ అని వచ్చింది మొదటి వాక్యం. వేరుశనగ! మా ఊళ్లో ఆ మాట రేడియోలో వ్యవసాయం చెప్పేవాళ్లు తప్ప ఎవరన్నారు? కొట్టేసి ‘అవ్వ చెనక్కాయలు వొలస్తా కూసోనుండాది’ అన్నా. ఇది చదివితే సినిమాలో కమెడియన్ మాట్లాడినట్టుంది. సరే, మాటలు యాసలో, మిగతాది మామూలు తెలుగులో పెడదామంటే, సర్వేకి వచ్చిన ఆఫీసరు కుర్చీ వేయించుకుని మా అవ్వను చూస్తున్నట్టు తయారైంది. నామిని దగ్గర ఈ గొడవే లేదు, కథ చెప్పేవాడే ఆ మాట మాట్లాడతాడు, వాడికీ వాడి అమ్మకీ మధ్య గోడ లేదు. నాకు ఉంది. ఇరవై ఏళ్లుగా ఆఫీసులో ఉత్తరాలు రాసీ రాసీ నేనే కట్టుకున్నా.

ఒక పత్రికకు పంపితే ‘యాస ఎక్కువైంది’ అని తిప్పి పంపారు. నాకేమో తక్కువైందనిపిస్తా ఉంది. ఎవరికి చెప్పుకోను.

పోయిన ఆదివారం అవ్వకే చదివి వినిపించా. ఎండ గురించి, పొట్టు గాలికి ఎగరడం గురించి, వేళ్ల కొనలు బొబ్బలెక్కడం గురించి రెండు పేజీలు కష్టపడి రాసుకున్నా, ఆమె వక్క నములుతా అంతా విని, “అది సరే గాని అబ్బోడా, కాయిలు ఎవురివి? కూలి ఎంతిచ్చినారు?” అనింది.

అది నేను రాయనేలేదు.