నా మడమలకు యూరియా

రాత్రి నిద్రలో దుప్పటి మీదికి లాక్కుంటే దాని దారాలు మడమ పగుళ్ల అంచులకు పట్టుకుని చర్రున లాగుతాయి చూడండి, ఆ బాధ పడ్డవాళ్ల కోసం రాస్తున్నాను. మిగతావాళ్లు నవ్వుకున్నా ఫర్వాలేదు.

నేను వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే చోట, లెక్కలు రాస్తాను. అక్టోబర్ నుంచి పత్తి, సంక్రాంతి దాటితే మిర్చి, అంటే సరిగ్గా చలికాలమే మాకు సీజన్. పొద్దున ఆరున్నరకల్లా హన్మకొండ నుంచి బండి మీద బయలుదేరాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు ఒక్కో రాత్రి పది డిగ్రీల లోపుకు దిగుతుంది, మా దగ్గర అంత ఉండదు నిజమే. కానీ ఆ టైమ్‌లో బండి మీద ఎదురుగాలికి పోతుంటే ఆ తేడా ఏమీ తెలియదు. ఇక ఏడాది పొడవునా కాళ్లకు రబ్బరు చెప్పులే.

డిసెంబర్ మొదటి వారంలో మోకాళ్ల కింద దురద మొదలైంది. గోటితో గీస్తే పలక మీద బలపం గీసినట్టు తెల్లటి గీత. చిన్నప్పుడు బడిలో కాళ్ల మీద అలాగే పేర్లు రాసుకునేవాళ్లం, అప్పుడు సరదాగా ఉండేది. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి కూర్చుని రెండు చేతులతో గోక్కోవడమే. దానికి నేను కనిపెట్టిన వైద్యం ఏమిటంటే ఉడుకు నీళ్లు. బకెట్లో రాడ్ పెట్టి పొగలు వచ్చేదాకా కాచి కాళ్ల మీద పోసుకుంటే, అబ్బ, ఆ సుఖం ఇంకెక్కడా దొరకదు. తర్వాత అరగంటకు దురద రెట్టింపయ్యేది. రెండు వారాలు అలాగే చేశాను, ఈ రెండింటికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు.

దురద పోవట్లేదని మెడికల్ షాపుకు పోతే ఆయన నా కాలు కూడా చూడకుండా ఒక ట్యూబ్ ఇచ్చాడు. "మూడు రోజుల్లో పోతది అన్నా" అన్నాడు, నిజంగానే మూడు రోజుల్లో పోయింది. ఆపిన వారానికి ముందుకంటే ఎక్కువ మంటతో తిరిగొచ్చింది. మళ్లీ అదే ట్యూబ్. అందులో గట్టి స్టెరాయిడ్ ఉందని, డాక్టరు చీటీ లేకుండా అలాంటిది అమ్మకూడదని, అడ్డగోలుగా వాడితే చర్మం పలచబడుతుందని నాకు తర్వాత తెలిసింది.

ఈలోపు మడమలు. అమ్మ కొబ్బరినూనె రాయమంది, చలికి అది సీసాలోనే గడ్డకట్టింది, ఎండలో పెట్టి కరిగించే ఓపిక పొద్దున ఎవరికుంటుంది. పక్కింటాయన కొవ్వొత్తి కరిగించి పగుళ్లలో పోయమన్నాడు, దానికి ధైర్యం చాలలేదు. ధైర్యం చేసింది ఇంకా పిచ్చి పనికి, గడ్డం బ్లేడుతో మడమ అంచుల మొద్దు చర్మం చెక్కేశాను. మర్నాటికి ఎడమ మడమ వాచి ఎర్రబడింది. అదే రోజు దుకాణం ముందు తేజ రకం మిర్చి బస్తా ఒకటి పిగిలింది. చపాటా రకం అయితే రంగే కానీ ఘాటు తక్కువ కాబట్టి బతికిపోయేవాణ్ని. ఆ పొడి పగుళ్లలోకి పోయాక నల్లా కింద కాలు పెట్టి పావుగంట కడిగాను, మంట తగ్గకపోగా పాదమంతా పాకింది. కాయలు ఏరడానికి వచ్చే ఒక పెద్దమ్మ నా అవస్థ చూసి, "నీళ్లతోని పోదు సారూ, ముందుగాల మంచినూనె రుద్దు, దాని మీద సబ్బు పెట్టు" అంది. అలా చేస్తే పది నిమిషాల్లో చాలావరకు తగ్గింది. మిర్చి కారం నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. ఇన్నేళ్లు మిర్చి లెక్కలు రాసి నాకీ సంగతి తెలియదు!

ఆ సాయంత్రమే స్కిన్ డాక్టరు దగ్గరికి పోయాను. ముందు షుగర్ ఉందా అని అడిగి, రక్తపరీక్ష రాసి, తర్వాత స్నానం ఎలా చేస్తావని అడిగాడు. రోజుకు రెండుసార్లు, పొగలు కక్కే నీళ్లు, సబ్బు ఒళ్లంతా రెండు చుట్లు అని గర్వంగా చెప్పాను. చలిగాలిలో తేమ ఉండదు, చర్మంలోని నీరు ఆరిపోతుంటుంది, దాన్ని ఆపే సన్నటి నూనె పొరను నువ్వే రోజూ రెండుసార్లు కడిగేస్తున్నావు అన్నాడు. అరికాళ్లలో అసలు నూనె గ్రంథులే ఉండవట, పైగా వెనక పట్టీ లేని చెప్పుల్లో మడమ ఒత్తుకుని పక్కలకు విచ్చుకుంటుంది, ఎండిన చర్మం సాగదు కాబట్టి పగులుతుంది.

స్టెరాయిడ్ ట్యూబ్ ఆపించాడు. వాపుకు ఐదు రోజుల మాత్రలు, కాళ్లకు మాయిశ్చరైజర్, మడమలకు 20 శాతం యూరియా క్రీమ్. యూరియా అనగానే నాకు నవ్వాగలేదు. మొన్న వానాకాలంలో మా ఊళ్లో బస్తా యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టి నిలబడ్డారు, ఇక్కడ నా మడమలకు క్యూ లేకుండా దొరికింది. పచ్చి పగుళ్ల మీద అది మండుతుంది కాబట్టి మొదటి వారం వాజిలిన్ మాత్రమే, పగుళ్లు మూసుకున్నాక యూరియా అని గట్టిగా చెప్పాడు.

ఇంట్లో చేసింది పెద్దగా ఏమీ లేదు. స్నానం ఒక్కసారి, గోరువెచ్చటి నీళ్లు, పది నిమిషాల్లోపు. సబ్బు చంకలకు, గజ్జలకు, పాదాలకే. తుండుతో రుద్దకుండా అద్దుకుని, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్. ఈ చెమ్మ మీద రాయడమే అసలు కిటుకు అని నాకనిపించింది, ఇంతకుముందు ఒళ్లంతా ఆరాక, బట్టలేసుకున్నాక గుర్తొచ్చినప్పుడు రాసేవాణ్ని. రాత్రి పది నిమిషాలు కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, వాజిలిన్ దట్టంగా పట్టించి నూలు సాక్స్. పగలు మాత్రం మడమలకు ఏమీ రాయలేదు, జిడ్డు మీద మార్కెట్ దుమ్మూ కారం పొడీ అంటుకుంటే కథ మొదటికొస్తుంది. చెప్పుల బదులు బూట్లు. హమాలీలు రెండు రోజులు "పెండ్లి చూపులకు పోతున్నవా సారూ" అని ఆటపట్టించారు.

దురద ఐదో రోజుకు తగ్గింది, ఉడుకు నీళ్లు మానిన మొదటి రెండు రోజులే నరకం. మడమలకు మాత్రం నెల పైనే పట్టింది. మధ్యలో సంక్రాంతికి ఊరికి పోయి మళ్లీ కట్టెల పొయ్యి మీద కాగిన నీళ్లు రెండు బకెట్లు పోసుకున్నాను, దానికి శిక్ష వెంటనే పడింది.

నాకు షుగర్ లేదని తేలింది. అమ్మకు ఎనిమిదేళ్లుగా ఉంది. డాక్టరు అడిగింది గుర్తొచ్చి ఒకరోజు ఆమె పాదాలు తిప్పి చూశాను, కుడి మడమలో చిటికెన వేలి గోరంత లోతు పగులు, చుట్టూ నల్లగా మట్టి. "నొప్పి లేదా అమ్మా" అంటే, "ఏం లేదు బిడ్డా, తెల్వనే తెల్వది" అంది. షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని ఆ రోజు డాక్టరు అన్న మాట చెవిలో మోగింది. మర్నాడు దుకాణానికి సెలవు పెట్టి ఆమెను తీసుకుపోయాను. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం రెండు టబ్బుల్లో కాళ్లు పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటున్నాం, నా వాజిలిన్ డబ్బా వారానికే ఖాళీ అవుతోంది.