కవచం సరే, రాడార్ ఎక్కడ పెడతారు?

2025 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధాని దేశానికి రక్షణ కవచంగా మిషన్ సుదర్శన్ చక్ర ప్రకటించిన దగ్గర్నుంచి చర్చంతా రెండే ముక్కల్లో నడుస్తోంది. "ఇక మన జోలికి ఎవడూ రాలేడు" అని ఒకరు, "డబ్బు దండగ" అని ఇంకొకరు. 2035 నాటికి సైనిక స్థావరాలే కాదు, ఆస్పత్రులు, రైల్వేలు, ప్రార్థనా స్థలాలు కూడా దీని కిందకి రావాలన్నది ఆ ప్రకటన. విశాఖలో తూర్పు నౌకాదళం, అణు జలాంతర్గాములు, రిఫైనరీ, పోర్టు, స్టీల్ ప్లాంటు అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. ఇక్కడివాళ్లం ఈ రెండు ముక్కలతో సరిపెట్టుకుంటే ఎలా? ఏ రకం క్షిపణి నుంచి రక్షణ, దాన్ని కొట్టడానికి ఎన్ని రౌండ్లు, రాడార్ ఎక్కడ అని అడగాలి.

ముందు బాలిస్టిక్ క్షిపణి, అంటే ఆకాశంలోకి లేచి వంపు దారిలో వచ్చి పడేదాని సంగతి. కరాచీ నుంచైనా లాహోర్ నుంచైనా విశాఖ సుమారు 1,800 కిలోమీటర్లు. 2,750 కిలోమీటర్లు వెళ్తుందని చెప్పే పాకిస్తాన్ క్షిపణి షాహీన్-3కి ఇది అందే దూరమే. పైకి లేచి ఇక్కడ పడటానికి పది పన్నెండు నిమిషాలు చాలు. దిగేటప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 4 కిలోమీటర్లు. రాడార్ 600 కిలోమీటర్ల దూరంలో పట్టుకుందనుకుంటే మిగిలేది 150 సెకన్లు. ఆ రెండున్నర నిమిషాల్లోనే అది ఎక్కడ పడుతుందో లెక్కకట్టాలి, దాన్ని దారిలోనే కొట్టే మన క్షిపణిని (ఇంటర్‌సెప్టర్) వదలాలి, అది వెళ్లి తగలాలి. "ఢిల్లీకి ఫోన్ చేసి అడుగుదాం" అనే వ్యవధి ఉండదు. నిర్ణయం కంప్యూటర్‌ది, అనుమతి ముందే ఇచ్చి ఉంచాల్సిందే. పార్లమెంటులో ఎక్కువ చర్చ జరగాల్సింది నిజానికి ఈ ముందస్తు అనుమతి మీద.

డీఆర్‌డీఓ ఈ పనిని రెండు అంచెలుగా మొదలుపెట్టింది. 2006 నవంబర్ 27న పై అంచె ఇంటర్‌సెప్టర్ పృథ్వీ ఎయిర్ డిఫెన్స్ దాదాపు 50 కిలోమీటర్ల ఎత్తులో లక్ష్యాన్ని కొట్టింది. 2007 డిసెంబర్‌లో కింది అంచెది, ఏఏడీ (అడ్వాన్స్‌డ్ ఎయిర్ డిఫెన్స్), 15 కిలోమీటర్ల ఎత్తులో కొట్టింది. రెండు అంచెలు ఎందుకంటే, గాలి లేని చోట వార్‌హెడ్ (క్షిపణి మోసే బాంబు), దాన్ని పోలిన నకిలీ బెలూను ఒకే వేగంతో పక్కపక్కనే వస్తాయి. 80 కిలోమీటర్ల కిందకి దిగాక గాలి వాటిని వేరు చేస్తుంది. తేలికది వెనకబడుతుంది, బరువైనది దూసుకొస్తుంది. అప్పుడు అసలేదో, నకిలీ ఏదో తేలిపోతుంది. కానీ అక్కడి నుంచి 15 కిలోమీటర్ల ఎత్తుకి రావడానికి దానికి పట్టేది అర నిమిషం కన్నా తక్కువ. తేడా తెలిసేసరికి టైము అయిపోతుంది, టైము ఉన్నప్పుడు తేడా తెలియదు. ఎంత డబ్బు పోసినా ఈ చిక్కు పూర్తిగా వీడదు.

ఇక రౌండ్ల లెక్క. ఒక ఇంటర్‌సెప్టర్ తగిలే అవకాశం 60 శాతం అనుకుందాం. రెండు వదిలితే 84, నాలుగు వదిలితే 97 శాతం దాటుతుంది. బాగానే ఉంది కదా? పది క్షిపణులు వస్తే నలభై ఇంటర్‌సెప్టర్లు కావాలి. అప్పుడు కూడా పదింటినీ ఆపే అవకాశం 77 శాతమే. అణ్వాయుధం విషయంలో ఒక్కటి తప్పినా తప్పినట్టే. పైగా ఒక షాట్ ఫెయిలైనా తర్వాతి షాట్‌కి సంబంధం ఉండదన్న నమ్మకం మీద ఈ లెక్క నిలబడింది. అమెరికాలో 2010 డిసెంబర్ పరీక్ష విఫలమైంది, కారణం గైడెన్స్ యూనిట్‌లో వైబ్రేషన్. అప్పటికే సైలోల్లో (భూగర్భ ప్రయోగ గొట్టాల్లో) ఉన్న అదే మోడల్ ఇంటర్‌సెప్టర్లలోనూ అదే డిజైన్. ఒకటి ఏ కారణంతో తప్పిందో, నాలుగూ అదే కారణంతో తప్పుతాయి. సరిచేసి మళ్లీ కొట్టి చూపించడానికి 2014 జూన్ దాకా పట్టింది. వాళ్ల 44 ఇంటర్‌సెప్టర్ల వ్యవస్థ పరీక్షల్లో గెలిచింది సగానికి కాస్త పైన, అదీ ఎప్పుడు ఏది వస్తుందో ముందే తెలిసిన పరీక్షల్లో.

రాజకీయం కూడా కొత్తదేం కాదు. 1975 అక్టోబర్ 1న అమెరికా క్షిపణి రక్షణ వ్యవస్థ సేఫ్‌గార్డ్ పూర్తిస్థాయిలో పని మొదలుపెడితే, మర్నాడే ప్రతినిధుల సభ దాన్ని మూసేయాలని ఓటేసింది. 2001 మేలో బుష్ క్షిపణి రక్షణ ప్రకటన చేస్తే వాజపేయి ప్రభుత్వం ఒక్క రోజులోనే స్వాగతించింది, ఇక్కడి ప్రతిపక్షాలు తప్పుబట్టాయి. అమెరికాకి కొత్తగా తలపెట్టిన కవచం గోల్డెన్ డోమ్‌కి 175 బిలియన్ డాలర్లని 2025 మేలో ట్రంప్ అన్నారు. అలాంటి వ్యవస్థలో అంతరిక్ష ఇంటర్‌సెప్టర్లకే ఇరవై ఏళ్లలో 161 నుంచి 542 బిలియన్ల దాకా అవుతుందని వాళ్ల కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్క. అవతలివాడు కూడా చేతులు కట్టుకుని కూర్చోడు. 2017 జనవరిలో పాకిస్తాన్ ఒకే క్షిపణిలో పలు వార్‌హెడ్‌లు మోసే అబాబీల్‌ని పరీక్షించి, ఈ ప్రాంతంలో పెరుగుతున్న క్షిపణి రక్షణ వ్యవస్థలకి ఇదే జవాబని చెప్పింది. ముందుగా అణ్వాయుధం వాడబోమని చెప్పిన దేశానికి కమాండ్ కేంద్రాల్ని కాపాడుకోవడం అవసరం, అంతవరకు ఖర్చు న్యాయమే. ఊరూరికీ కవచం అంటే మాత్రం అవతల వార్‌హెడ్‌లు పెరగడమే ఫలితం.

ఇంతా చేసి, విశాఖకి అసలు దారి సముద్రం. 1971 డిసెంబర్‌లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వచ్చింది ఈ తీరానికే. 2017 జనవరిలో పాకిస్తాన్ పరీక్షించిన బాబర్-3 జలాంతర్గామి నుంచి వదిలే క్రూయిజ్ క్షిపణి, 450 కిలోమీటర్లు వెళ్తుందని వాళ్లు చెబుతారు. నీళ్లకి ఆనుకుని వచ్చేదాని మీద పైన చెప్పిన రెండు అంచెలూ పనిచేయవు. అవి చూసేది ఆకాశాన్ని.

దీనికి లెక్క సులువు. రాడార్ ఎత్తు, క్షిపణి ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలు కలిపి 4.12తో గుణిస్తే ఎంత దూరం కనపడుతుందో కిలోమీటర్లలో వస్తుంది. 20 మీటర్ల మాస్ట్ మీద రాడార్ ఉండి, క్షిపణి 10 మీటర్ల ఎత్తులో వస్తుంటే చూపు 31 కిలోమీటర్లే. సెకనుకు 250 మీటర్ల వేగానికి అది రెండు నిమిషాలు. అదే రాడార్‌ని 350 మీటర్ల ఎత్తున్న డాల్ఫిన్స్ నోస్ మీద పెడితే 90 కిలోమీటర్లు, ఆరు నిమిషాలు. కొండ ఉచితంగా ఇచ్చిన నాలుగు నిమిషాలివి. సూపర్‌సోనిక్ అయితే కొండ మీది రాడార్‌కి కూడా మిగిలేది వంద సెకన్లే. కొండ వెనకాల లోయలు, గెడ్డల వైపు మాత్రం ఆ ఒక్క రాడార్‌కి నీడ పడుతుంది. ఇంకోటి పెట్టక తప్పదు. వర్షాకాలపు అలల నుంచి రాడార్‌కి తిరిగొచ్చే అనవసర ప్రతిధ్వనుల (క్లట్టర్) వల్ల తక్కువ ఎత్తులో వచ్చేది ఆలస్యంగా కనపడుతుంది, కాబట్టి ఆరు నిమిషాలూ చేతికి రావు.

ఇలా వచ్చేదాన్ని కొట్టడానికి గాల్లోని లక్ష్యాల మీద వాడే బరాక్-8 రకం క్షిపణులు ఉన్నాయి. మన ఊరి పేరు పెట్టుకున్న యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విశాఖపట్నంలోనే 32 ఉంటాయి. ఓడ బయల్దేరితే అవీ దాంతోపాటే వెళ్లిపోతాయి, అందుకే నేల మీద విడిగా బ్యాటరీ ఉండాలి. ఇంకా దూరం చూడాలంటే రాడార్ మోసే విమానం కావాలి. 9 కిలోమీటర్ల ఎత్తు నుంచి అదే సూత్రంతో చూపు 400 కిలోమీటర్లు. ఒక విమానం ఎప్పుడూ గాల్లో ఉండాలంటే, ఒకటి దిగేలోపు ఇంకోటి ఎక్కుతూ, మరోటి మరమ్మతులో ఉంటూ కనీసం మూడు నాలుగు కావాలి. వాయుసేన దగ్గరున్న అలాంటి పెద్ద రాడార్ విమానాలు, ఫాల్కన్లు, మూడు. గొడవ మొదలైతే అవి ముందు వెళ్లేది పడమటి సరిహద్దుకే.