మబ్బు విడిచినా తీరని గండం

జనవరిలో మనాలి, గుల్‌మార్గ్ వైపు బయల్దేరే మన వైజాగ్ ట్రెక్కర్లకు ఒక మాట. తుపాను తీరం దాటితే గండం గడిచిందనుకోవడం మనకు అలవాటు. హిమాలయాల్లో ఆ లెక్క చెల్లదు. వెస్టర్న్ డిస్టర్బెన్స్ (పడమటి నుంచి వచ్చి అక్కడ మంచు కురిపించే వాతావరణ వ్యవస్థ) దాటిపోయి ఎండ కాసిన మొదటి ఒకటి రెండు రోజుల్లోనూ మంచు చరియలు విరిగిపడతాయి. ఫొటోలకు అందరూ ఎగబడేది కూడా అప్పుడే.

కొత్తగా పడే మంచుతో పాటు దాని కింద ఏముందో చూడాలి. సీజన్ మొదట్లో పలచగా పడి, చలికి పలుకులుగా మారిన పొర చేతిలో ముద్ద కట్టదు. దానిమీద ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు పడినా, గాలి మోసుకొచ్చి వాలు అవతల పేర్చినా, పైన పేరుకున్న మంచు పలకలా మొత్తంగా జారడానికి మనిషి బరువు చాలు. కాలి కింద ‘ధబ్’మని కుంగినా, పగుళ్లు పాకినా వెనక్కి తిరగండి, గైడ్ ఏమన్నా సరే.

30 నుంచి 45 డిగ్రీల వాలు ప్రమాదం. మీరు నడిచేది చదునే అయినా, పైన అలాంటి వాలుంటే అదీ లెక్కలోకే. తప్పకపోతే ఒక్కొక్కరుగా దాటండి.

బీకన్ (మంచులో పూడినవాళ్ల జాడ తెలిపే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. బీకన్ సిగ్నల్‌కు అడ్డురాకుండా ఫోన్‌ను దానికి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచండి, వెతికేటప్పుడు 50. పూడినవాళ్లకు మొదటి పది పదిహేను నిమిషాలే కీలకం. తవ్వడం వాలు కింది వైపు నుంచి. ఆర్కే బీచ్ ఇసుకలో బీకన్ పూడ్చి వెతికి చూడండి. బయల్దేరే ముందు మంచు చరియల ముప్పుపై డీజీఆర్ఈ (రక్షణ శాఖ పరిశోధన సంస్థ) ఇచ్చే బులెటిన్ చదవండి.