నక్ష బాట మీద ఆదివారం

శుక్రవారం రాత్రి గట్టి వాన పడింది. శనివారమంతా ఎండ కాసింది. ఆదివారం పొలాల వైపు వెళ్దామా వద్దా అన్నది పడుకునేదాకా తేలలేదు. కాళ్ళతో నడిచేవాళ్ళకు వాన తర్వాత ఒక్కరోజు ఎండ చాలు. నా చక్రాల కుర్చీకి చాలుతుందా లేదా అన్నది ఏ రకం నేల అన్నదాన్ని బట్టి ఉంటుంది. మా అక్క కొడుకుకి ఈ లెక్కలేవీ పట్టవు. ఆరింటికల్లా లంగర్‌హౌస్‌లో మా గేటు ముందు హారన్ కొట్టి "చిన్నమ్మా, రెడీయా?" అన్నాడు. ఇక రెడీ కాక తప్పలేదు.

"ఆ మట్టి తొవ్వల్ల ఏమున్నదే నీకు? పార్కుకు పొమ్మంటే పోవు" అంది అమ్మ. గునుగు పూలు తెస్తానని చెప్పాను. ఎంగిలిపూల బతుకమ్మకు ఇంకా వారం ఉంది కానీ గునుగు తొందరగా వాడదు కాబట్టి ఆ సాకు చెల్లింది.

పార్కంటే నాకేం కోపం లేదు. మా వైపు ఒక పార్కుంది. బైకులు దూరకుండా గేటు దగ్గర ఇనప పైపులు వంకరటింకరగా పాతారు. బైకుల సంగతేమో కానీ నేను మాత్రం బయటే ఆగిపోయాను. పక్కన పెద్ద గేటుంది, దానికి తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర, సూపర్‌వైజర్ టిఫిన్‌కి వెళ్ళాడు. నున్నటి దారే కావాలంటే ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఉంది. పైన పలకలు, కింద నీడ, బాగుంటుంది. కానీ అది సైకిళ్ళ కోసం వేసింది, పైగా పక్కనే కార్ల హోరు. నాకు మట్టి వాసన, చేను, చెరువు కట్ట కావాలి. ఇదేమంత పెద్ద కోరిక కాదనుకుంటా.

నా బండి గురించి కాస్త రాయాలి, లేకపోతే తర్వాత సంగతులు అర్థం కావు. చిన్నప్పటి పోలియో. ఏళ్ళ తరబడి క్యాలిపర్లు, చంక కర్రలతో నెట్టుకొచ్చాను. భుజాలు మొరాయించాక కుర్చీకి మారాను. ఆఫీసుకి సైడు చక్రాల స్కూటీ మీద పోతాను. ఊళ్ళో అది రాజా, మట్టిలోకి దింపితే మాత్రం పనికిరాదు. పక్క చక్రాలు రెండూ మిట్ట మీద ఉండి మధ్య చక్రం గుంట మీదికి వస్తే, మోటారు తిరిగే చక్రం గాల్లో వేలాడుతుంది. ఇంజన్ అరుస్తుంది, బండి అంగుళం కదలదు. అందుకే పొలాలకు కుర్చీకి తగిలించే నియోబోల్ట్ తీసుకెళ్తాను. ఐఐటీ మద్రాసులో చేసిన పరిశోధన నుంచి వచ్చిన సరుకు. ముందు ఒక చక్రం, దానికే మోటారు, పైన హ్యాండిల్, బ్యాటరీ. కుర్చీకి బిగిస్తే ముందున్న రెండు బుల్లి చక్రాలూ నేల నుంచి పైకి లేస్తాయి. అసలు ఉపయోగం అందులోనే ఉంది. ఆ బుల్లి చక్రాలు చిన్న రాయికి తగిలినా కుర్చీ టక్కున ఆగి, మనిషి ముందుకు పడతాడు. ఒక్క చార్జింగుకి 25 కిలోమీటర్లు అంటారు. అది తారు రోడ్డు మీద మాట, మట్టిలో అందులో సగమే నమ్ముకుంటాను.

అప్పా జంక్షన్ దాటి మొయినాబాద్ మీదుగా చేవెళ్ళ రోడ్డు పట్టుకున్నాం. మర్రిచెట్ల రోడ్డు. రెండు వైపులా 900కు పైగా ఉన్నాయని చెట్ల కోసం కోర్టుకెక్కినవాళ్ళు లెక్కగట్టారు. రోడ్డు వెడల్పు చేయాలి, చెట్లు ఉండాలి, మనుషులు గుద్దుకుని చావకూడదు, ఈ మూడూ ఒకేసారి ఎలాగన్నది ఏళ్ళ తరబడి ఎవరికీ తెగలేదు. సిటీకి ఇంత దగ్గర్లో ఇంకా పొలాలు మిగిలాయంటే 1996 నాటి 111 జీవో పుణ్యమే. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర కాలనీలు, ఫ్యాక్టరీలు రాకుండా 84 ఊళ్ళకు అది అడ్డం పడింది. ఆ ఊళ్ళ రైతులకు దానిమీద కోపం ఉంది, కారణమూ ఉంది. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే తమది అలాగే పడి ఉందని. వాళ్ళ నష్టం మీద నా ఆదివారం షికారు సాగుతోందన్నది నాకు తెలుసు.

మెయిన్ రోడ్డు వదిలి ఎడమకు తిరిగి, ఊరు దాటాక బడి గోడ పక్కన కారు ఆపాం. వాడు కుర్చీ దింపి, ముందు చక్రం బిగించాడు. క్లాంపు సరిగ్గా పడిందో లేదో నేను రెండోసారి చూసుకుంటాను, అది వాడికి చిరాకు. అక్కడే వేపచెట్టు కింద కూర్చున్న పెద్దాయన బీడీ ఆర్పి లేచొచ్చాడు.

"ఏడికి బిడ్డా?"

"ఊరికెనే తాతా. చెరువు దాక పోదామని."

నాకు తెలిసిన జవాబు కోసం ఎదురుచూశాను. 'మీకు కష్టం మేడం' అనేదే ఆ జవాబు. గెస్టుహౌసు మేనేజర్ నుంచి గుడి దగ్గర కొబ్బరికాయలమ్మే ఆవిడ దాకా అందరూ అదే అంటారు. దయతోనే అంటారు. కానీ ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు, ఎక్కడ బురద అని అడిగితే ఒక్కరూ చెప్పరు. నాకు కష్టమో కాదో వాళ్ళే తేల్చేసి, తేల్చడానికి నాకు కావలసిన సమాచారం మాత్రం ఇవ్వరు.

తాత అలా అనలేదు. ముందు కుర్చీ చక్రాలు చూశాడు. వంగి ముందు టైరు బొటనవేలితో నొక్కాడు కూడా. "కుడి దిక్కు పోకు. అది రేగడి, మొన్నటి వాన ఇంక ఆరలే, సక్రం మింగుతది. ఎడమ దిక్కు నక్ష బాట వట్టుకో, అంత చల్కనే, గట్టిగుంటది. మోటబాయి కాడ ఒక బొంద ఉంటది, దాన్ని తప్పిచ్చి పో. ఆ ముంగట ఫారంహౌజ్ గోడ కాడ జర్ర ఇరుకు." అంతే. మళ్ళీ వెళ్ళి చెట్టు కింద కూర్చున్నాడు.

నేనిన్నాళ్ళూ ఎవరినీ ఇంతకు మించి అడగలేదు. నక్ష బాట అంటే ఊరి పటంలో గీసి ఉన్న బాట. ఎర్ర చల్క నేలలో నీళ్ళు ఇంకిపోతాయి, ఒక్క ఎండకు పైన పెంకులా గట్టిపడుతుంది. రేగడి నీళ్ళు పట్టుకుని ఉబ్బుతుంది, టైరుకి పొరలు పొరలుగా అంటుకుంటుంది, కాసేపటికి చక్రం తిరగాల్సిన సందులోనే బంకమట్టి కూరుకుపోతుంది. చేవెళ్ళ చుట్టుపక్కల ఈ రెండు నేలలూ పక్కపక్కనే ఉంటాయి. ఒక్క గట్టు దాటితే రంగు మారుతుంది.

ఇంగ్లండ్‌లో లేక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కు వాళ్ళు ఇలాంటి పనే పద్ధతిగా చేస్తారు. అక్కడ పొలాల కంచెలు దాటడానికి కొయ్య మెట్లుంటాయి, అవి మాలాంటివాళ్ళను ఆపేస్తాయి. ఆ మెట్లు లేని దారులు ఏరి, 'మైల్స్ వితౌట్ స్టైల్స్' అని పేరుపెట్టి, అందరికీ, చాలామందికి, కొందరికి అని మూడు రకాలుగా విడదీశారు. 'కొందరికి' అన్న దారిలో వాలు ఎక్కువుండొచ్చు, రాళ్ళుండొచ్చు, గట్టి మోటారు బండీ సాయానికి మనిషీ ఉంటే మంచిది. ఉన్నది ఉన్నట్టు చెప్తారు, వెళ్ళాలో వద్దో మనమే చూసుకోవాలి. తాత చెప్పిందీ అదే రకం. కాకపోతే ఆయన జీతం తీసుకోడు.

బాట మీద మొదటి సమస్య కొలతల దగ్గరే వస్తుంది. ట్రాక్టరు గాడుల మధ్య దూరం నాలుగడుగుల పైనే. నా కుర్చీ వెడల్పు రెండడుగుల పైచిలుకు. రెండు గాడుల్లో రెండు చక్రాలు పెట్టే వీలు లేదు. ఒక గాడిలో ఒక చక్రం దింపితే కుర్చీ పక్కకు ఒరుగుతుంది, హ్యాండిల్ ఆ వైపే లాగుతుంది, కాసేపటికి ఒక భుజం పీకేస్తుంది. కాబట్టి మధ్యలో గడ్డి మొలిచిన మిట్ట మీదే నడపాలి. గడ్డి కింద ఏముందో కనబడదు. అక్క కొడుకు ముందు నడుస్తూ చెప్పులతో గడ్డి తొక్కి "రాయి... రాయి... ఏం లేదు, రా" అని రన్నింగ్ కామెంటరీ మొదలుపెట్టాడు. వెనక నిలబడి నెట్టడం కంటే ఆ పని చాలా నయమని వాడికి అర్థమయ్యేటట్టు చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

పత్తి చేను పక్కన గునుగు కనబడింది. చేలో కలుపు కాబట్టి రైతు పీకేసినా, గట్టు పక్కన బతికిపోయింది. మొదలు దగ్గర తెల్లగా, కొసన గులాబీ రంగులో ఉండే కంకులు. నడుం ఎత్తు పెరుగుతుంది కాబట్టి కుర్చీలోంచి చెయ్యి చాపితే సరిగ్గా అందుతుంది. తంగేడు కూడా అంతే. బంతి పూలు మార్కెట్లో కొనుక్కోవచ్చు కానీ గునుగు నా చేత్తో నేను కోసుకోవడం బాగుంది. ఒడి నిండా కోశాను. తలెత్తి చూస్తే వాడు ఫోటోలు తీస్తున్నాడు. ఇన్‌స్టాలో "ఇన్‌స్పిరేషన్" అని పెడితే కాళ్ళు విరగ్గొడతానన్నాను. "నీకు కంపెనీ కావాలా చిన్నమ్మా?" అన్నాడు, వెధవ.

మోటబాయి దగ్గర బొంద తప్పించుకుని కట్ట ఎక్కే చోటికి చేరాం. బిల్డింగు ర్యాంపులకు 1:12 అని ఒక లెక్కుంది, అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు. చెరువు కట్టకి ఆ లెక్క ఎవరు చెబుతారు? చూపుకి ఒకటికి ఆరో ఏడో ఉంటుంది. మోటారు ముందు చక్రానికే ఉంది కదా, ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి పోయి దానికి పట్టు తగ్గుతుంది. సగం ఎక్కాక గులకరాళ్ళ మీద గిర్రున తిరిగింది. ఛాతీని హ్యాండిల్ మీద ఆనించి, నా బరువంతా ముందుకు వేశాను. ఒకసారి జారింది, పట్టుకుంది, మళ్ళీ జారింది. వాడు నా వెనక రెండు చేతులూ కుర్చీకి బెత్తెడు దూరంలో గాల్లో పెట్టి నిలబడ్డాడు. ముట్టుకోలేదు. ఆ తర్వాత పట్టు దొరికి ఒక్క ఊపున పైకి వచ్చేశాం.

చెరువు నిండుగా ఉంది. నీటికాకులు మొండి మోడుల మీద రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. పైన చాలాసేపు ఉన్నాం. నేను నీళ్ళు తాగలేదు. బయటికి వస్తే నీళ్ళు తగ్గించడం మాలో చాలామంది ఆడవాళ్ళకి అలవాటు. డాక్టర్లు తిడతారు, కిడ్నీలకు మంచిది కాదని మాకూ తెలుసు. కానీ దారిలో ఏ టాయిలెట్ చూసినా ముందు ఒక మెట్టు, లోపల కుర్చీ తిరగని సందు. దీనిమీద రాయడం మొదలుపెడితే ఇంకో టపా అవుతుంది.

దిగేటప్పుడు సాయం నేనే అడుగుతాను. ముందు బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే కంకర మీద జారుతుంది. వాడు వెనక నుంచి పట్టుకుని బరువు ఆపితే నేను మెల్లగా వదులుతూ వచ్చాను.

తాత చెప్పిన ఫారంహౌస్ గోడ కట్ట అవతల, ఊళ్ళోకి తిరిగొచ్చే దారిలో ఉంది. ప్రీకాస్ట్ పలకల గోడ, పైన ముళ్ళ తీగ. బాటను సగానికి తినేసింది. నక్షలో ఆ బాట పాతకాలం బండ్ల బాట అని ఊళ్ళో అందరికీ తెలుసట, ట్రాక్టరు ఎలాగోలా పోతోంది కదా అని ఎవరూ గొడవ పెట్టుకోలేదట. గోడ అంచున నీళ్ళు కారి గండి పడింది. నేను కంది చేను వైపు ఆనుకుని, కొమ్మలు ముఖానికి కొడుతుంటే దాటాను. అక్కడే టైరులోంచి "టిక్, టిక్" అని శబ్దం మొదలైంది. ఆపి చూస్తే పల్లేరు కాయ. కొమ్ముల్లాంటి ముళ్ళల్లో ఒకటి రబ్బరులోకి నిలువునా దిగింది. పీకితే తెల్లటి బొట్టు బయటికొచ్చి, బుడగ కట్టి, ఆగిపోయింది. టైర్లలో సీలెంట్ పోయించడం నేను పెట్టిన ఖర్చుల్లో తెలివైనది.

తిరిగి బడి దగ్గరికి వచ్చేసరికి తాత లేడు. ఆయన ఇంటావిడ అనుకుంటా, మక్క కంకులు కాలుస్తూ "పోయొచ్చినవా బిడ్డా? బురద ఉండెనా?" అని అడిగింది. లేదని చెప్పి, గోడ దగ్గర గండి సంగతి చెప్పాను. డబ్బులిస్తే తీసుకోలేదు, కంకికి ఉప్పు, కారం, నిమ్మకాయ రాసి ఇచ్చింది.

సాయంత్రం అమ్మ గునుగుకి రంగులు అద్దుతుంటే, కుర్చీ స్నేహితులకు ఈ దారి గురించి వాయిస్ మెసేజ్ పెట్టాను. చల్క నేల, వాన తర్వాత ఒకరోజు ఎండ ఉంటే సరిపోతుంది. మధ్య మిట్ట మీద నడపాలి. కట్ట ఎక్కడానికి వెనక మనిషి కావాలి, కట్ట వద్దనుకుంటే ఒక్కరే పోవచ్చు. పల్లేరు ఉంది. టాయిలెట్ లేదు. మొత్తానికి 'కొందరికి' అనే దారి.

పెద్ద బ్యాటరీ కుర్చీ వాడే ఆవిడ వెంటనే ఫోన్ చేసింది. "ఆ గోడ దగ్గర నా బండి పడుతుందా? దాని వెడల్పు నీదానికంటే ఎక్కువే."

"పడుతుంది, కానీ గోడ వైపు పోకు, అక్కడ గండి. కంది చేను వైపు ఆనించు. ఇంకో నెల ఆగితే కంది ఇంకా పెరిగి దారి మూసేస్తుంది, వస్తే దసరాలోపే రా."

"నీళ్ళు తాగాలా వద్దా?"

"సగం సీసా" అన్నాను.