అక్షరం ముందా, అంకె ముందా

పదకొండున్నర అయింది. చిన్నది ఎప్పుడో పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు.

మళ్ళీ ఆ పాత ప్రోగ్రాముల్ని కోబాల్ భాష నుంచి జావా భాషకి మార్చే పనే. పొద్దున మీటింగులో మా మేనేజర్, "మార్చే టూల్ అన్నీ మార్చేసింది, కంపైల్ కూడా అయింది (అంటే కోడ్ రాతలో తప్పుల్లేవని కంప్యూటర్ ఒప్పుకుంది), ఇంకా టెస్టింగ్‌కి అంత టైమెందుకు?" అన్నారు. కంపైలైతే అయిపోయినట్టేనా? రెండు ఫైళ్ళను అక్షరాలూ అంకెలూ కలిసిన పాలసీ నంబరు చూసి జతచేసే ప్రోగ్రామ్ ఒకటుంది. పాత రిపోర్టులో అన్నీ కలిశాయి. కొత్తదాంట్లో బోలెడు రికార్డులు జత దొరక్క మిగిలిపోయాయి. జతలేని పాలసీకి ప్రీమియం కట్టినా కట్టనట్టే లెక్క! ఆ మాట చెబితే "చిన్న ఇష్యూయే కదా" అన్నారు. ఇప్పటికీ మండుతోంది. సాయంత్రం దాకా కోడ్ లైను లైనూ చదివాను, ఎక్కడా తప్పు లేదు.

మెట్రో అమీర్‌పేటలో ఆగినప్పుడు వెలిగింది. 1998లో అక్కడే మైత్రీవనం దగ్గర కోబాల్ నేర్చుకోడానికి ఇరుకు మెట్లెక్కి వెళ్ళేవాళ్ళం. వైటూకే (2000 రాగానే పాత ప్రోగ్రాముల్లో తేదీలు తప్పుతాయన్న భయం) పుణ్యమా అని గదుల్లో చోటుండేది కాదు. కంప్యూటర్ దొరికేది రోజుకో గంట, మిగతాదంతా నోటుబుక్కులోనే. స్కేలుతో నిలువు గీతలు గీసుకుని, కామెంటైతే 7వ గడిలో నక్షత్రం గుర్తు (*), 72వ గడి దాటితే కంపైలర్ చూడదని వల్లెవేసేదాన్ని. నాన్న ధాన్యం అమ్మి కట్టిన ఫీజు మరి, ఒక్క ముక్క వదిలేదాన్ని కాదు. కంప్యూటర్ లోపల ప్రతి అక్షరానికీ, అంకెకీ ఓ నంబరుంటుంది, వరస పెట్టేది దాన్ని బట్టే. కోబాల్ నడిచే పెద్ద కంప్యూటర్, మెయిన్‌ఫ్రేమ్‌లో A విలువ 193, 1 విలువ 241, అంటే అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. పీసీలో A 65, 1 49, తిరగబడుతుందని సార్ రెండుసార్లు రాయించారు.

అదే జరిగింది. ఒక ఫైలు మెయిన్‌ఫ్రేమ్‌లో వరస పెట్టి పంపినది, రెండోది పీసీ వరసే వాడే కొత్త సర్వర్‌లో పెట్టినది. రెండూ ఒకే వరసలో ఉంటేనే ఆ ప్రోగ్రామ్‌కి జత దొరుకుతుంది.

టూల్‌ని తిడదామనే రాయడం మొదలుపెట్టాను. కానీ దాని తప్పేముంది? ప్రోగ్రామ్ మార్చమన్నాం, మార్చింది. ఆ వరస ప్రోగ్రామ్‌లో లేదు, మెషీన్‌లో ఉంది. పైగా ఏ ప్రోగ్రామ్ దేన్ని పిలుస్తుందో 1999లో మేం చార్టుల మీద నెలల తరబడి గీసుకుంటే, ఇది ఒక్క రాత్రిలో పటం గీసి ఇచ్చింది. ఇలా జతచేసే ప్రోగ్రాములు ఇంకెన్ని ఉన్నాయో రేపు ఆ పటంలోనే వెతకాలి.

టెస్టింగ్ టైము మాత్రం ఒక్క రోజు కూడా తగ్గించనని చెప్పేస్తాను.