ఊది చూపించమని ఎవరూ అడగలేదు

ఆయాసమని ఆసుపత్రికి వెళితే, ఊదించి చూసే ఊపిరితిత్తుల పరీక్ష ఒక్కటి తప్ప అన్నీ చేశారు. బీపీ చూశారు, షుగరు చూశారు, ఈసీజీ, ఎక్స్‌రే తీశారు. అన్నీ బాగానే ఉన్నాయి కాబట్టి నాకు జబ్బే లేదని తేల్చేశారు. ఆయాసంతో మాట సగంలో తెగిపోతున్న నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ డాక్టరుగారు మా ఆయనతో అన్నారు: "ఈ వయసు ఆడవాళ్లకు ఇలాంటి కంగారు మామూలేనండి. ఏదైనా పనిలో పెట్టండి, సర్దుకుంటుంది." నిద్రమాత్రలు రాసి పంపారు. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకూ ఒళ్లు మండుతుంది.

మాది మండపేట దగ్గర పల్లెటూరు. ఇంటి వెనకే రైసు మిల్లు. నూర్పిళ్ల రోజుల్లో ఊక దుమ్ము ఆరేసిన బట్టల మీద కూడా పేరుకుంటుంది. ఆ నెలల్లో దగ్గు, అర్ధరాత్రి పిల్లికూతలు, పగలు కాస్త తెరిపి. పగటిపూట ఆసుపత్రికి వెళితే రాత్రి పడిన బాధ ఎవరికి కనిపిస్తుంది?

భోగి తెల్లవారుజామున కనిపించింది. వీధి మంటలో కట్టెలతో పాటు పాత టైర్లు కూడా వేశారు. మంచు దట్టంగా ఉండటంతో ఆ పొగ పైకి పోలేదు, ఇళ్లలోకి వచ్చింది. పడుకోలేను, కూర్చోలేను, కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. డొక్కలు ఎగిరిపడుతున్నాయి. మా ఆయన వీపు రాస్తూ "గట్టిగా పీల్చు, ఇంకా పీల్చు" అంటున్నారు. పీలుస్తూనే ఉన్నాను. పీల్చిన గాలి బయటికి పోవడం లేదు. నిండిపోయిన రొమ్ములో ఇంకో గుక్కకు చోటెక్కడిది? అది చెప్పడానికి నోట మాట రాదు. కారులో రాజమహేంద్రవరం తీసుకెళ్తుంటే, ద్వారపూడి దాటాక మా అమ్మాయి నీలంగా మారిన నా గోళ్లు చూసి ఏడవడం మొదలుపెట్టింది. అంతర్వేది నరసింహస్వామిని మనసులోనే పట్టుకున్నాను. పిల్ల పెళ్లి చూసేదాకా ఉంచు స్వామీ, అంతే అడిగాను.

ఆక్సిజన్, మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్, సూదులు. బయటపడ్డాను.

అక్కడి ఊపిరితిత్తుల డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న: "పీల్చడం కష్టంగా ఉందా, వదలడమా?" అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. నాకు కన్నీళ్లు ఆగలేదు. కాస్త కోలుకున్నాక స్పైరోమెట్రీ, అంటే గాలి ఎంత, ఎంత వేగంగా వదలగలమో ఊదించి చూసే పరీక్ష, చేయించారు. ముక్కుకు క్లిప్పు పెట్టి, గొట్టం చుట్టూ పెదవులు గట్టిగా బిగించమంటారు. గుండెనిండా పీల్చి, ఒక్క ఉదుటున ఊది, ఆపకుండా చివరి గాలి వరకు వదలాలి. కనీసం ఆరు సెకన్లు. పరీక్ష చేసే అమ్మాయి "ఊదండమ్మా, ఊదండి, ఇంకా ఇంకా" అని నాతో పాటు తనూ వంగిపోయి అరిచింది. దగ్గు వస్తే ఆ ఊదు లెక్కలోకి రాదు. సరైనవి మూడు కావాలి, అవి ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. విసుక్కోకుండా చేయించిన ఆ పిల్ల చల్లగా ఉండాలి.

మొత్తం 2.2 లీటర్లు ఊదితే, మొదటి సెకనులో 1.3 లీటర్లే వచ్చింది. అంటే 59 శాతం. 70 కంటే తగ్గితే సాధారణంగా శ్వాసనాళాల్లో అడ్డంకి ఉన్నట్టు లెక్క. తర్వాత శ్వాసనాళాలను తెరిచే సాల్బుటమాల్ మందు పీల్పించి, పావుగంట ఆగి మళ్లీ ఊదించారు. ఈసారి మొదటి సెకను గాలి 1.68కి చేరింది. 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగితే చాలట, నాకు 380 పెరిగింది. మూసుకున్న దారి మందుతో తెరుచుకుంటోంది. ఉబ్బసం. కంగారు కాదు.

ఆ కాగితం చేతిలో పెట్టుకున్నప్పుడు జబ్బుందని తెలిసి కూడా సంతోషించాను. వెంటనే కోపం వచ్చింది. ఇంత చిన్న పరీక్ష! కత్తి లేదు, సూది లేదు. అది చేయించకుండా నిద్రమాత్రలు ఎలా రాశారు?

రోజూ మందు పీల్చడానికి పంపు (ఇన్‌హేలర్) రాసి ఇచ్చారు. మా ఆడపడుచు "పంపు అలవాటైతే జన్మలో వదలదు వదినా" అంది. ప్రేమతోనే అంది, కానీ ఆ మాట విని మందు మానేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. దయచేసి మానకండి. రోజూ పీల్చే మందు లోపలి వాపును తగ్గిస్తుంది, పీల్చాక నోరు పుక్కిలించాలి. తెరిపిగా ఉన్న రోజున ఊదితే ఉబ్బసం ఉన్నా పరీక్ష మామూలుగా రావచ్చు. అందుకని బాధ ఉంటే ఒక్క రిపోర్టుతో ఊరుకోకండి. పరీక్షకు ముందు ఏ పంపు ఎన్ని గంటలు ఆపాలో కూడా అడిగి వెళ్లండి.

మాఘమాసంలో అంతర్వేది వెళ్లి మొక్కు తీర్చుకున్నాను. సముద్రపు గాలిలో నడుస్తూ ఎక్కడా ఆగలేదు. స్వామి దయ, డాక్టరమ్మ చేతి చలవ.

ఇప్పుడు నా దిగులంతా మా అత్తయ్యగారి గురించి. జీవితమంతా కట్టెల పొయ్యి, ఊక పొయ్యి ఊదిన మనిషి. మెట్ల దగ్గర ఆగిపోతున్నారు, "ముసలితనం కదే" అంటున్నారు. ఆవిడను కూడా పరీక్షకు తీసుకెళ్తాం. ఈమధ్యే కంటి శుక్లం ఆపరేషన్ అయింది, గట్టిగా ఊదితే కంటిలో ఒత్తిడి పెరుగుతుందని కొన్ని వారాలు ఆగమన్నారు. ఆగుతున్నాం.